ఇన్‌స్పెక్టరు గారి అక్క మేడగది

హల్ దామ్రి,
పునీత జోజెఫ్ పండగ మర్నాడు

తమ్ముడు విస్తీన్‌కు,

నువ్వు మందుగుండు లైసెన్సుల శాఖలో పెద్ద ఇన్‌స్పెక్టరువి అయ్యావని పేపర్లో చదివాను. ఫోటో కూడా వేశారు. ఆ టై నిన్ను ఉరి తీస్తున్నట్లుంది గానీ, సంతోషం. బస్సులో అరగంట దూరంలో ఉన్న తమ్ముడి కబురు పేపర్లో చదువుకునే రాత మన మాల్టాలో నాకొక్కదానికే లేదులే. ఊరికి ఇద్దరు పునీతులు, ఇద్దరికీ చెరో క్లబ్బు, చెరో బ్యాండు ఉన్నంతకాలం అన్నదమ్ములు ఇలాగే ఉంటారు. మనం లారెంజ్ పునీతుడి పక్షం. నువ్వు పోయి పోయి రోక్కు పునీతుడి పక్షం పిల్లని చేసుకున్నావు. ఆనాటి నుంచి మీ బావ ఇంద్రి నిన్ను గడప తొక్కనివ్వడు. ఊళ్ళో ఫోను ఉంది గానీ అది మా క్లబ్బు బారులో ఉంది. అందులో మాట్లాడితే సగం మాట నీకు, మిగతా సగం ఊరికి. అందుకే ఈ ఉత్తరం.

మీ శాఖ అచ్చు వేసిన నిబంధనల పుస్తకం మా క్లబ్బుకు వచ్చింది. బిలియర్డ్స్ బల్లకు ఒక కాలు పొట్టిగా ఉండేది. ఇప్పుడు బల్ల చక్కగా సమంగా ఉంది. ఆ పుస్తకం వల్ల ఊరికి ఇంతవరకు ఒరిగిన మేలు అదొక్కటే.

అసలు విషయానికి వస్తాను. నిరుడు రోక్కు వాళ్ళు తమ పునీతుడి పండగ బాణసంచాతో ఆకాశంలో ఏదో నీలం పూలు పూయించారు. మన వాళ్ళవి వాటి పక్కన వెలవెలబోయాయి. ఆ అవమానం మీ బావకు అన్నం సయించనివ్వడం లేదు. పగలంతా ఓడల యార్డులో వెల్డింగు చేసి, సాయంత్రం పొలాల్లో మన క్లబ్బు బాణసంచా చుట్టే మందుగదికి పోతాడు. లైసెన్సు ఆయన పేరనే ఉంది కదా, అక్కడ ఆయనే రాజు. ఈ ఏడు ఏం చేస్తున్నాడో నాకు చెప్పడు. కానీ కలపకూడదని మీరు మొత్తుకునే ఆ రెండు పొడులూ కలుపుతున్నాడని నాకు తెలుసు. నిద్రలో కూడా "ఇంకాస్త, ఇంకాస్త" అంటున్నాడు.

మూడేళ్ళ కింద రోక్కు వాళ్ళ మందుగది పేలి ఇద్దరు పోయారు. మన వాళ్ళు ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. వారం తిరగకుండానే "వాళ్ళకి పని చాతకాదెహె" అన్నారు. మన వాళ్ళ బుద్ధి అది.

నిన్ను ఇన్నాళ్ళకు ఒకటి అడుగుతున్నాను. చెప్పాపెట్టకుండా వచ్చి ఆ గదిని వెతికించు. ఆయనకు కోపం వస్తే రానీ. నాకు మనిషి కావాలి.

నీ అక్క,
పావ్లీనా


వల్లెట్టా,
ఏప్రిల్ 6

అక్కయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసుకు రాశావు. ఇకమీదట ఇంటికి రాయి. మా గుమాస్తా కవరు విప్పి, బిలియర్డ్స్ బల్ల సంగతి నాకంటే ముందు అందరికీ చదివి వినిపించాడు.

సంగతేమిటంటే, నిబంధనలు పొద్దుపోక రాసినవి కావు. ఇనప మేకులున్న బూట్లతో మందుగదిలోకి వెళ్ళకూడదు. ఒక గదిలో ఇంతకు మించి సరుకు ఉండకూడదు. ఆ రెండు పొడులూ ఒకే కప్పు కింద ఉండకూడదు. ఊరి ఇళ్ళకు ఫలానా దూరంలోకి ఏదీ రాకూడదు. పుస్తకంలో సగం నేనే రాశాను. విదేశీ నిపుణులు కూడా మెచ్చుకున్నారు. దాన్ని బల్ల కాలి కింద పెట్టే వాళ్ళకు ఆకాశంలో నీలం పూలు కావలసి వచ్చాయి! పలుపు ముడి వేయడం రానివాడికి పందెం గుర్రం కావాలన్నట్లుంది.

సంగతేమిటంటే, నా దగ్గర బంధుత్వాలు పనిచేయవు. తనిఖీ జరుగుతుంది. తేదీ నీకు కూడా చెప్పను. సొంత బావ గదికి నేను రావడం పద్ధతి కాదు కాబట్టి, నా కింద పనిచేసే సిప్రియన్ వస్తాడు. అతను చండశాసనుడు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మా ఆవిడ ఫిలుమేన నిన్ను అడిగినట్లు రాయమంది. చిన్నదానికి నీ పేరే పెట్టినా, అది ఇంతవరకు నీ మొహం చూడలేదని దెప్పింది కూడా.

విస్తీన్


హల్ దామ్రి,
మే నెల, మొదటి బంగాళాదుంపలు తవ్విన వారం

విస్తీన్,

నీ చండశాసనుడు వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు.

ఎలా జరిగిందో చెబుతాను, విని తరించు. పొద్దున్న బట్టలు ఆరేస్తుంటే గుడి చిన్న గంట మోగింది. ప్రార్థన వేళ కాదు, చావు గంట కాదు. ఎందుకైనా మంచిదని సిలువ గుర్తు వేసుకున్నాను. అంతలో క్లబ్బులోంచి మగవాళ్ళు పొలో అని పొలాల వైపు పరుగు. కాసేపటికి అటునుంచి ఇటు పరుగు. ఒకడి చేతిలో జల్లెడ, ఒకడి నెత్తిన తొట్టి. బారు నడిపే సల్వు నోట్లో సిగరెట్టు తీయకుండానే ఒక సంచి మోస్తున్నాడు. వాళ్ళందరి ముందు మీ బావ, రెండు డబ్బాలు పసిబిడ్డల్లా గుండెకు హత్తుకుని, రాళ్ళ గోడలు దూకుతూ వస్తున్నాడు. ఆ సరుకు ఎలా మోయాలని రాశావు తమ్ముడూ నీ పుస్తకంలో? గెంతుతూనా?

నువ్వు ఊరికే ఉండుంటే అది ఆ గదిలోనే పడి ఉండేది. నీ తనిఖీ పుణ్యమా అని ఊరంతా ఊరేగింది.

తర్వాత కారు వచ్చింది. అందరూ మందుగది ముందు వినయంగా నిలబడ్డారు, మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లల్లా. సల్వు వేడి వేడి పాస్తిజ్జి పళ్ళెం తెచ్చాడు. నీ సిప్రియన్ ఆ జున్ను పెట్టిన పొరల బజ్జీ నములుతూనే అడిగాడట:

"ఇక్కడ ఆ పొడులేవీ కలపట్లేదు కదా?"

"అయ్యో సార్, ఎంత మాట! పాపం కాదూ?" అన్నాడట మీ బావ.

"అలా అయితే మంచిదే. ఇంకోటి ఇటు వెయ్యి."

పోతూ పోతూ లారెంజ్ పునీతుడి బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా చంకన పెట్టుకు పోయాడు. ఆ పునీతుడు నిప్పుల మీద కాలి చచ్చినవాడు. కనీసం ఆ బొమ్మ చూసైనా మనిషికి ఏదో ఒకటి తట్టాలి.

ఆ డబ్బాలు ఎక్కడికి చేరాయని అడుగుతావేమో. అడక్కు. గంట ఎవరు కొట్టించారో మాత్రం నువ్వు తేల్చు.

పావ్లీనా


వల్లెట్టా,
జూన్ 3

అక్కయ్యకు,

సిప్రియన్ నివేదిక నా బల్ల మీద ఉంది. "అంతా నిబంధనల ప్రకారమే ఉన్నది." నేనే సంతకం చేసి పైకి పంపాను. మంత్రిగారి కార్యదర్శి పిలిచి, ఒక్క పండగా ఆగకుండా, ఒక్క క్లబ్బూ అలగకుండా ఇంత సాఫీగా తనిఖీలు ఎప్పుడూ జరగలేదన్నాడు. వచ్చే ఏడు ఎన్నికలు. ఊరి క్లబ్బులంటే ఎన్ని ఓట్లో నీకు వేరే చెప్పాలా?

సంగతేమిటంటే, నీ ఉత్తరంలో రుజువులు లేవు, పరుగులే ఉన్నాయి. మగవాళ్ళు పరుగెత్తడం నేరం కాదు. వేళకాని వేళ గుడి గంట కొట్టడం నా శాఖ కిందికి రాదు, అది బిషప్ గారి శాఖ. బట్టలు ఆరేస్తూ మేడ మీంచి చూసిన దాన్ని పట్టుకుని ప్రభుత్వం నడవదు. నీకు చిన్నప్పటి నుంచీ గోరంతలు కొండంతలు చేసే అలవాటు ఉంది.

అయినా సరుకు గదిలో లేదని నువ్వే అంటున్నావు. లేనప్పుడు భయం దేనికి?

విస్తీన్


హల్ దామ్రి,
పునీత పేతురు పౌలుల పండగ వెళ్ళాక

విస్తీన్,

భయం దేనికని అడిగావు. చెబుతాను. సరుకు నా ఇంట్లో ఉంది.

ఇంతకుముందు రాయలేదు. రాస్తే మొగుణ్ణి పట్టిచ్చినట్లవుతుందని ఆగాను. తనిఖీ కాగానే తిరిగి పట్టుకుపోతాడనుకున్నాను. పట్టుకుపోలేదు సరికదా, పెంచాడు. మేడ మీద బట్టలుతికే గది ఉంది చూడు, రేకు తలుపుది, జూలై ఎండకు అందులో సబ్బు కూడా కరిగిపోతుంది. అక్కడ ఇప్పుడు డబ్బాలు గోడ పొడుగునా ఉన్నాయి. దాని కిందే మా అత్త జేజా మంచం. ముసలావిడకు చెవుడు. పైన నిప్పు ఉన్నా తెలియదు, నేను అరిచినా వినిపించదు.

నిన్న మీ బావను నిలదీశాను.

"ఏవయ్యా, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఆ పాపిష్టి సరుకు కొంపలో పెడతావా?"

"మెల్లిగా! ఇంతకన్నా భద్రమైన చోటు ద్వీపం మొత్తమ్మీద లేదే."

"ఎందుకో?"

"ఇన్‌స్పెక్టరు గారి అక్క ఇల్లు ఎవడు సోదా చేస్తాడు? మీ తమ్ముడు నాకు ఇన్నేళ్ళకి ఒక పనికొచ్చాడు!"

ఆ మాట అని నవ్వాడు. నిన్ను తలుచుకుని మీ బావ నవ్వడం నీ పెళ్ళయ్యాక ఇదే మొదలు. నాకు ఒళ్ళు మండిపోయింది, నీ మీద, ఆయన మీద, నా మీద కూడా.

ఇంకో సంగతి. సల్వు తాగిన మైకంలో భార్యతో అన్నాడట, ఆవిడ నాతో అంది. తనిఖీ రోజు పొద్దున్నే వల్లెట్టా నుంచి క్లబ్బుకు ఫోను వచ్చింది, అది వినే గంట కొట్టించారట. "ఇవాళ వాన పడేలా ఉంది, ఆరేసినవి తీసేసుకోండి" అన్నారట. మే నెలలో, మన ద్వీపంలో, వాన! పేరు చెప్పలేదట గానీ, "ప్రతి మాటకీ ముందు 'సంగతేంటంటే' అన్నాడే" అని సల్వు ఒకటే నవ్వట.

కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవడికి చెప్పుకోను? ఆ ఫోను చేసింది నువ్వు కాదని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను.

పావ్లీనా


వల్లెట్టా,
జూలై 8

అక్కా,

నేనే.

పొడులు దొరికితే బావ లైసెన్సు పోతుంది, జైలు కూడా తప్పదు. అప్పుడు ఊరు ఏమంటుంది? రోక్కు పక్షం పెళ్ళాం మాట విని బావమరిదే పట్టించాడంటుంది. ఫిలుమేన పుట్టింటి వాళ్ళు ఆ వీధిలో తిరగగలరా? ఆయన సరుకు పారేస్తాడనుకున్నాను. ఇంటికి, అదీ నీ ఇంటికి, తెస్తాడని కలలో కూడా అనుకోలేదు.

నువ్వు వాటిని ముట్టుకోకు. జరపకు. ఆ గది ఊడవకు. అక్కడ బట్టలు ఉతకకు. అత్తగారి మంచం వేరే గదిలోకి మార్చు.

ఇప్పుడు సోదా చేయిస్తే, మేలో నేను సంతకం చేసిన నివేదిక అబద్ధమని తేలుతుంది. నా ఉద్యోగం పోతుంది. లారెంజ్ పండగ ఆగస్టు పదిన. అప్పటికి ఎలాగూ బాణసంచా అంతా కాలిపోతుంది. పండగ కానివ్వు, మిగిలింది ఉంటే నేనే చూసుకుంటాను. ఒక్క నెల ఓపిక పట్టు.

విస్తీన్


హల్ దామ్రి,
జూలై ఆఖరు

ప్రియమైన తమ్ముడికి,

నీ సలహా బాగుంది. ఉద్యోగం ఉన్నవాడివి, నాలుగూ ఆలోచించి రాస్తావు. నేను తొందరపడి ఏదేదో అన్నాను, మనసులో పెట్టుకోకు.

అత్త మంచం మారదు. ఆ మూల, ఆ పునీతుడి పటం ఎదురుగా తప్ప ఆవిడకు నిద్ర పట్టదు. పగలల్లా అక్కడే కునుకు, అక్కడే జపమాల.

నీకొక శుభవార్త. నువ్వు గోజో ద్వీపానికి ఆఫీసు పని మీద వెళ్ళావని, ఫిలుమేన పిల్లలిద్దరినీ తీసుకుని ఊరికి వచ్చింది. నువ్వు తిరిగి ఇల్లు చేరేసరికి ఈ ఉత్తరం అక్కడ ఉంటుంది. వాళ్ళ అమ్మ ఇంటికి సున్నం వేస్తున్నారు, ఆ ఘాటుకు పిల్లలు దగ్గుతున్నారు. మన ఇంటికి రమ్మన్నాను. మీ బావ ఏమంటాడోనని భయపడ్డాను గానీ, చిన్న పావ్లీనా వచ్చీ రాగానే ఆయన మీసం పట్టుకు లాగింది. ఇక ఏమీ అనలేదు. పదేళ్ళ పగ అంతే.

ఇల్లు నీకు తెలుసు కదా, ఖాళీగా ఉన్నది అత్త గది ఒక్కటే. పెద్ద మంచం వేసి అక్కాచెల్లెళ్ళిద్దరినీ అక్కడ పడుకోబెట్టాను. ఈ వారం ఎండలు మండిపోతున్నాయి. పైన మేడగది రేకు తలుపు చెయ్యి పెడితే కాలుతోంది. అయినా నువ్వు పండగ దాకా ఫరవాలేదన్నావు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. అందులో సగం పుస్తకం రాసినవాడివి, నీకు తెలియనిదా?

పిల్లలు నిన్ను అడుగుతున్నారు.

నీ అక్క,
పావ్లీనా


(పోలీసు చేతికిచ్చి పంపిన చీటీ)

అక్కా,

పిల్లల్ని ఇప్పుడే బయటికి తీసుకురా. అత్తగారిని కూడా. వీధి చివర గుడి మెట్ల దగ్గర కూర్చోండి. దీపం స్విచ్చి ముట్టుకోవద్దు, పొయ్యి వెలిగించవద్దు. సైన్యం వాళ్ళు బయల్దేరారు, నేనూ వాళ్ళ వెనకే వస్తున్నాను. బావకు ఏమీ చెప్పకు. లేదు, చెప్పు. అన్నీ చెప్పు.

వి.


హల్ దామ్రి,
లారెంజ్ పండగ వెళ్ళాక

విస్తీన్,

ఆరోజు సైన్యం వెనకే నువ్వూ వచ్చావు. మెట్ల మీద పిల్లలు కనపడక, గుడి ముందు పిచ్చివాడిలా తిరిగావు. నీ టై ఎక్కడో పడిపోయింది. రోక్కు వీధి నుంచి ఫిలుమేన పిల్లల చేతులు పట్టుకుని నెమ్మదిగా నడిచి రావడం చూసి ఎదురు పరుగెత్తి ఇద్దరినీ ఎత్తుకున్నావు. ఏమీ అడగకుండానే వెళ్ళిపోయావు కాబట్టి నేనే చెబుతున్నాను.

మీ అత్తగారి ఇంటికి సున్నం వేయలేదు. నీ కూతుళ్ళు ఒక్క పూట కూడా నా ఇంట్లో పడుకోలేదు, ఒక్క నిమిషం ఆ గది కింద నిలబడలేదు. చిన్నది మీ బావ మీసం లాగింది కూడా క్లబ్బు ముందు వీధిలో. ఆ ఉత్తరం నేనూ నీ భార్యా మీ అత్తగారి వంటింట్లో కూర్చుని రాశాం. నాకు అంత తియ్యగా రాయడం రాదు, "ప్రియమైన" అని పెట్టమన్నది తనే. "ఆయనకి ఊరంటే భయం వదినా, అంతకన్నా పెద్ద భయం చూపిస్తే తప్ప కదలడు" అంది. పదేళ్ళుగా ఆ పిల్లను గుమ్మం తొక్కనివ్వని మా తెలివికి చెప్పు తీసుకు కొట్టుకోవాలి.

నీ పిల్లలు ఆ కప్పు కింద ఉన్నారనుకున్న గంటలో సైన్యం వచ్చింది. మార్చి నుంచీ నేను అడుగుతున్నది ఆ గంట పనే. మా అత్తకు తల్లి లేదు, తండ్రి లేడు, ఇన్‌స్పెక్టరు తమ్ముడు లేడు. అందుకని ఆవిడను నువ్వు ఆ డబ్బాల కింద మే నుంచి పడుకోబెట్టావు. నేనూ పడుకోబెట్టాను. నిజం చెప్పాలంటే, మంచం మారదని నీకు రాసింది అబద్ధం కాదు గానీ, ఎత్తుకుపోయి మార్చేయాల్సింది. అది నాకు ఎప్పటికీ గుచ్చుకుంటుంది.

సైన్యం అధికారి డబ్బా మూతలు కూడా తెరవలేదు. ఒక్కొక్కటీ ఇసుక పెట్టెలో దించి, మంత్రసాని బిడ్డను పట్టుకున్నట్లు పట్టుకుని మెట్లు దిగాడు. ఆయన చొక్కా తడిసి ముద్దయింది. మీ బావ ఎదురు గోడకు ఆనుకుని అంతా చూశాడు. ఆఖరి పెట్టె దిగాక అధికారి ఆయన్ని అడిగాడు:

"వీటిని ఇక్కడికి మోసుకొచ్చిందెవరు?"

"నేనే సార్."

"ఎలా తెచ్చారు?"

"పరుగెత్తి."

ఆ అధికారి తిట్టలేదు. కాసేపు మీ బావ చేతుల వంక చూసి, "చేతులు ఇంకా ఉన్నాయే!" అని కారెక్కాడు. వేయి తిట్లకు కూడా దిగని తల అప్పుడు దిగింది.

పండగ మందు లేకుండానే జరిగింది. పునీతుడి విగ్రహం గుడి గుమ్మం దాటినప్పుడు పైన ఏమీ పేలలేదు. ముసలివాళ్ళు ఏడ్చారు. రొట్టెలవాడు నాకు నిన్నటి రొట్టె ఇస్తున్నాడు. క్లబ్బు ముందు నుంచి పోతుంటే సల్వు నేల మీద ఉమ్ముతున్నాడు. రోక్కు వాళ్ళు మొదట్లో పడీ పడీ నవ్వారు. నువ్వు ఉద్యోగంలో ఉన్న ఆఖరి రోజున, చెప్పకుండా, గంట మోగకుండా వాళ్ళ మందుగది కూడా సోదా చేయించావట. ఇప్పుడు ఊళ్ళో ఏ పక్షమూ నవ్వడం లేదు. నీ ఉద్యోగం పోయినందుకు నాకు జాలి లేదు. ఆ ఆఖరి రోజు పని చేసినందుకు మాత్రం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ బావ లైసెన్సు పోయింది. కేసు నడుస్తుంది, ఏమవుతుందో తెలియదు. నాతో మాట్లాడడం మానేశాడు. భోజనానికి కూర్చుని, సూపులో ఉప్పు తగ్గిందని గోడకు చెబుతాడు. యార్డుకు వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేయమని గోడకు చెబుతాడు. నిన్న రాత్రి, నేను చేసింది ద్రోహమని కూడా గోడకే చెప్పాడు. నేను పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటూ అంతా విన్నాను.

చెప్పుకోనీ. గోడా ఉంది, మనిషీ ఉన్నాడు.

పావ్లీనా